మూడుసార్లు గడిచిన పదేళ్ళు

ఇంట్లో ఎవరు ఏం చూస్తున్నారో ఇంటిల్లిపాదికీ తెలిసిపోయే కాలం ఒకటి ఉండేది. ఎవరి ఫోనులో వాళ్ళు తలదూర్చి, ఎవరి సినిమా వాళ్ళు చూసుకునే వసతి అప్పటికింకా రాలేదు. ఇంటికి ఒక్క టీవీ, దాని కింద ఒక డీవీడీ ప్లేయరు, ఆ ప్లేయరు రిమోటు ఇంటి పెద్ద చేతిలో. చిన్న చిన్న అబద్ధాల మీద బతుకు వెళ్ళదీస్తున్న ఇరవై ఏళ్ళ ఆడపిల్లకి అంతకంటే ఇబ్బందికరమైన ఏర్పాటు ఇంకోటి ఉండదు. (అబద్ధాలు అంటే మరీ పెద్ద మాటేమో. ఉన్నదానికి కాస్త చేర్చి చెప్పేదాన్ని, అంతే. చేర్చీ చేర్చీ చివరికి ఉన్నది ఎక్కడుందో నాకే దొరికేది కాదు, అది వేరే సంగతి.)

బాపట్లలో డిగ్రీ మొదటి ఏడాది మధ్యలోనే మానేసి, ఢిల్లీలో జర్మన్ చదువుతానని ఇంట్లో మొండికేశాను. జర్మన్ వచ్చినవాళ్ళని కంపెనీలు ఎగరేసుకుపోతున్నాయని ఎక్కడో విన్నాను. ఎక్కడ విన్నానో ఇప్పటికీ గుర్తులేదు, బహుశా నేనే అనుకుని ఉంటాను. హైస్కూలు మాస్టారైన మా నాన్న ఒకే ఒక్క షరతు పెట్టాడు. "మీ మావయ్య ఇంట్లో ఉండి చదువు. ఒక్క పేపరు పోయిందని తెలిసినా తిరుగు బండెక్కి వచ్చి టీచర్ ట్రైనింగులో చేరాలి." సరేనన్నాను. పేపరు పోయే ప్రసక్తే లేదని నా ధీమా. పోయినా తెలిసే ప్రసక్తి లేదని ఇంకా పెద్ద ధీమా. అక్కడే మా మావయ్యని తక్కువ అంచనా వేశాను.

మావయ్య ఒక మంత్రిత్వ శాఖలో విజిలెన్స్ సెక్షన్లో పనిచేసేవాడు. ఎవరిమీదైనా ఫిర్యాదు వస్తే ఆ ఉద్యోగిని పిలిచి, మర్యాదగా టీ ఇప్పించి, ప్రశ్నలడిగి, చెప్పిందంతా రాసుకుని, ప్రతి పేజీ కింద సంతకం పెట్టించుకోవడం ఆయన పని. వారం తర్వాత ఆ ఉద్యోగినే మళ్ళీ పిలిచి, అసలు మొదటిసారి అడుగుతున్నట్టు మొహం పెట్టి, అవే ప్రశ్నలు అటూ ఇటూ మార్చి అడిగేవాడు. ఆ అలవాటు ఆఫీసులో వదిలేసి వచ్చేవాడా అంటే, లేదు. ఆర్.కె. పురం క్వార్టర్లో పాలవాణ్ణి సోమవారం అడిగిన మాటే గురువారం మళ్ళీ అడిగేవాడు. "పెళ్ళిచూపుల్లో నాకు పాటలొచ్చా అని అడిగారే. పెళ్ళయిన పదో రోజు మళ్ళీ అడిగారు" అని అత్తయ్య చెప్పేది. (అత్తయ్య రెండుసార్లూ రావనే చెప్పిందట. అందుకే కాపురం నిలబడింది.)

అత్తయ్యకి వేరే ప్రతిభ ఉంది. ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో హిందీ ముక్క రాకపోయినా సీరియళ్ళన్నీ చూసేదట. మాట అర్థం కాకపోయినా మొహాలు చూసి ఎవరు ఎవరికి ఎసరు పెడుతున్నారో చెప్పేసేది. వాళ్ళకి పదిహేనేళ్ళ కూతురు. వరసకి నేను దానికి వదిననవుతాను, కానీ ఆ పిల్ల నోట నేను దీదీని. తెలుగులో ఏం అడిగినా హిందీలోనే జవాబు. మా ముగ్గురి మీదా మావయ్యకి సమానంగానే అనుమానం ఉండేది. ఆయన నవ్వుతూ "ఇవాళ ఏం చేశావమ్మా?" అని అడిగితే, ఏమీ చేయని రోజున కూడా ఏం చేశానా అని వెతుక్కునేదాన్ని.

మొదటి ఏడాది ఫలితాలొచ్చాయి. అన్నీ పాసయ్యాను, ఒక్క అనువాదం పేపరు తప్ప. అసలు పేరా ఒక రొట్టెల కొట్టు గురించి. అందులో నాకు తెలిసినవి నాలుగు మాటలు: పొద్దున, తెలుపు, అమ్మాయి, వేడి. ఆ నాలుగూ పట్టుకుని ఒక పెళ్ళి కథ అల్లాను. కథ బాగానే వచ్చిందనుకున్నాను కూడా. మా మేడమ్ నా పేపరు చేతిలో పెడుతూ, "నీకు ఊహ ఎక్కువ, నిఘంటువు తక్కువ" అన్నది ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా. ఇంట్లో పాసయ్యానని చెప్పాను. "మార్కుల కాగితం ఏదీ?" అన్నాడు మావయ్య. ఇంకా ఇవ్వలేదన్నాను. పది రోజుల తర్వాత, అప్పుడే గుర్తొచ్చినట్టు, "అవునూ, మార్కుల కాగితాలు ఎప్పుడిస్తారు మీ వాళ్ళు?" అన్నాడు. ప్రింటింగ్‌లో ఉన్నాయన్నాను. ఆయన తలూపాడు. ఆ తలూపడం నాకు బొత్తిగా నచ్చలేదు.

సెప్టెంబరులో, ఆ పేపరు మళ్ళీ రాయడానికి ఇంకా నెల ఉందనగా, మేడమ్ తప్పిన మా ఇద్దరినీ వసంత్ కుంజ్‌లో తన ఇంటికి పిలిచి ఒక డీవీడీ చూపించింది. ఎనభై ఏళ్ళ నాటి జర్మన్ మూకీ సినిమా అట. చీలికలు పేలికలైపోయిన రీళ్ళని వెదికి తెచ్చి, అతికి, శుభ్రం చేసి, జనం ఇళ్ళల్లో చూసుకోవడానికి అక్కడ కొత్తగా విడుదల చేశారు. ఆవిడకి ఎవరో జర్మనీ నుంచి పంపారు. "మాట వినబడదు, కాబట్టి వేగంగా మాట్లాడారు మేడమ్ అనే సాకు లేదు. మధ్యమధ్యలో నల్ల పలక మీద తెల్ల అక్షరాలొస్తాయి. అన్నిటినీ అనువాదం చేసి తీసుకురండి. ఒక్కొక్కరి దగ్గర రెండు వారాలు." మొదటి వంతు నాది. అంటే, ఆ డీవీడీ చేతిలో ఉందంటే పేపరు పోయినట్టే లెక్క. దాన్ని సంచీ అడుగున, చున్నీలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

మర్నాడు సాయంత్రం నేను బేర్ సరాయ్‌లో జిరాక్సులు తీయించుకుని వచ్చేసరికి సంచీలో దాచిన డీవీడీ సోఫా ముందు టీపాయ్ మీద ఉంది. పక్కన మావయ్య. ఎదురుగా రెండు టీ కప్పులు, అందులో ఒకటి నాకు. మావయ్య ఎలాంటివాళ్ళకి టీ ఇప్పిస్తాడో నాకు తెలుసు. అట్ట మీద ఒక ముసలాయన గుడ్లప్పగించి చూస్తున్నాడు, వెనకాల దీపం పట్టుకుని ఒక పిల్ల. చుట్టూ అర్థంకాని రాతలు. విదేశీ సినిమా అంటే అప్పట్లో పెద్దవాళ్ళకి వచ్చే అనుమానం ఒక్కటే కనక, ఆయన ఆ ముసలాయన్ని పదేపదే తిరగేసి చూస్తున్నాడు.

"ఏంటమ్మా ఇది?"

"డీవీడీ మావయ్యా."

"అది కనపడుతోందిలే. ఎవరిచ్చారు?"

"మా మేడమ్. ప్రాక్టీసుకి."

"క్లాసులో అందరికీ ఇచ్చిందా?"

"అందరికీ కాదు. కొంతమందికే."

"ఏ కొంతమందికి?"

ఇక్కడ నిజం చెబితే బాపట్ల బండి. నోరు తనంతట తనే తెరుచుకుంది. "బాగా చదివేవాళ్ళకి."

మావయ్య టీ తాగడం పూర్తి చేశాడు. "అచ్ఛా. అయితే ఆదివారం భోజనాలయ్యాక అందరం కూర్చుని చూద్దాం. ఆ రాతలన్నీ నువ్వు తెలుగులో చెబుదువుగాని. మీ అత్తయ్యకి కూడా కాలక్షేపం."

మూడు రోజుల్లో ఏదో ఒక దారి దొరక్కపోతుందా అనుకున్నాను. వేరే దేశపు బిళ్ళ కనక ప్లేయరు దాన్ని తీసుకోదేమోనని ఒక ఆశ. కానీ అది నెహ్రూ ప్లేస్ ఎలక్ట్రానిక్స్ బజారులో కొన్న ప్లేయరు, దానికి దేశాల తేడా లేదు, ఏ దేశపు బిళ్ళ పెట్టినా మింగేసేది. ఆదివారం మధ్యాహ్నం కర్టెన్లు వేశారు. అత్తయ్య వేరుశనక్కాయలు పళ్ళెంలో పోసింది. మావయ్య అట్ట వేసిన నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని పెన్ను టోపీ తీశాడు. "ఊరికే. నాకు కథలు గుర్తుండవు" అన్నాడు. మొదటి పలక వచ్చింది. నేను గతుక్కుమన్నాను. తెలిసిన నాలుగు మాటలైనా కనబడతాయనుకుంటే, అసలు అక్షరాలే తెలియడంలేదు. పాతకాలపు జర్మన్ లిపి అట, ముళ్ళకంచెలాగా ఉంది. ఏది ఎఫ్, ఏది ఎస్, ఏది కే, ఆ దేవుడికే తెలియాలి. పైగా ఆ మొదటి రాత అరపేజీ పొడుగు.

"ఏమంటున్నాడు?" అన్నాడు మావయ్య.

"ఈ సినిమాని వాళ్ళమ్మగారికి అంకితమిచ్చాడు మావయ్యా."

"ఇంత పొడుగ్గానా?"

"చాలా ప్రేమట."

మావయ్య రాసుకున్నాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూసుకోలేదు నేను. ఒక కాలువ, దాని మీద నీళ్ళు ఆపి పడవల్ని దాటించే లాకు గేట్లు వచ్చాయి. అదొక్కటి నేను చెప్పక్కర్లేకపోయింది, కృష్ణా కాలవల మీద పుట్టి పెరిగిన మావయ్య, "అరె, మన లాకులే. ఆ ముసలాయన లాకు సూపర్నెంటు" అని ముందుకు వంగాడు. ముసలాయనకో కూతురు. ఒక రోజు పడవలోంచి నల్లకోటు వేసుకున్నవాడొకడు ట్రంకుపెట్టెతో దిగి, వాళ్ళింట్లోనే మకాం పెట్టాడు. "చిన్నప్పుడు తప్పిపోయిన మేనబావ. పెళ్ళి చేసుకుందామని వచ్చాడు" అని నేను తీర్పు చెప్పేశాను.

"మేనబావైతే ఆ పిల్ల అంత భయపడుతుందేమే? ఆ కళ్ళు చూడు" అన్నది అత్తయ్య.

"జర్మనీలో సిగ్గు అలాగే ఉంటుంది అత్తయ్యా."

"ముసలాయనకి చూపు ఆనుతున్నట్టు లేదు. గ్లాసు కోసం బల్లంతా తడుముతున్నాడు."

"తాగున్నాడత్తయ్యా. పలక మీద రాశాడుగా."

మావయ్య నా మాట ఒకవైపు, అత్తయ్య మాట ఒకవైపు రాసుకుంటూ పోయాడు. మధ్యలో తెరంతా నీలంగా మారింది. "మూకీ సినిమా అంటే నలుపూ తెలుపూ కాదుటే? నీలం ఎందుకొచ్చింది?" అన్నాడు. టీవీలో రంగులు పాడైనట్టున్నాయన్నాను. పాపం ఆయన లేచి వెళ్ళి టీవీ బటన్లు పావుగంట తిప్పాడు. (ఆ రోజుల్లో రాత్రి దృశ్యాలకి నీలం రంగు అద్దేవారట. ఆ వారమంతా మా టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఆకుపచ్చగా ఉండడానికి కారణం నేనే.) ఇంకో చిక్కు కూడా వచ్చింది. మూడుచోట్ల బొమ్మ కదలడం ఆగిపోయి, ఒక పాత ఫోటో కనబడి, కింద సన్నటి అక్షరాలతో ఏదో పలక చాలాసేపు నిలబడింది. మొదటిసారి రాగానే తడుముకోకుండా "పదేళ్ళు గడిచాయి" అన్నాను. తెలుగు సినిమాల్లో బొమ్మ ఆగిందంటే పదేళ్ళు గడిచినట్టేగా. రెండోసారీ అదే అన్నాను. మూడోసారీ అదే.

"ముప్ఫై ఏళ్ళు" అన్నాడు మావయ్య రాసుకుంటూ. "ఆ పిల్ల గౌను కూడా మార్చలేదు."

చివర్లో వరదొచ్చింది, ఆ పిల్ల ఒక్కతే లాకు గేట్లు తిప్పింది, నల్లకోటువాడు పడవెక్కి వెళ్ళిపోయాడు. "పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాడు" అన్నాను. "ఒక్కడేనా?" అన్నాడు మావయ్య. "ఆమె తర్వాతి పడవలో వస్తుంది" అన్నాను. మా మరదలు పగలబడి నవ్వింది. మావయ్య మాత్రం నవ్వలేదు. నోటుబుక్కు మూసి, "బాగుంది. మధ్యలో నాకు కునుకు పట్టింది. వచ్చే ఆదివారం మళ్ళీ చూద్దాం" అన్నాడు. ఆయనకి కునుకు పట్టలేదు. రెండు గంటలసేపు ఆ మనిషి రెప్ప కూడా వేయలేదు.

ఆ రాత్రి లెక్క చూసుకున్నాను. నేను చెప్పింది నలభై ఒక్క పలకల కథ. ఏ పలకకి ఏం చెప్పానో నాకు సగం కూడా గుర్తులేదు. ఆయన పుస్తకంలో మాత్రం అన్నీ ఉన్నాయి. రెండోసారి ఒక్కటి తేడా వస్తే చాలు, "అయితే నీకు జర్మన్ రాదన్నమాట" అంటాడు, ఆ వెంటనే "మార్కుల కాగితం ఏదీ" అంటాడు, ఆ వెంటనే నాన్నకి ఫోను. ట్రైనింగు కాలేజీ గేటు కళ్ళముందు కనబడింది. ఢిల్లీలో నాకు బంగళాలేమీ లేవు. ఉన్నదల్లా హాల్లో ఒక దివాన్ మంచం, ఒక బస్ పాసు, ఎవరూ ఎరగని ఊళ్ళో ఒక్కదాన్నే నడిచి వెళ్ళే దారులు. అవి పోతాయంటే ఏడుపొచ్చింది.

రెండు పనులు చేశాను. మొదటిది సిగ్గుమాలిన పని. మావయ్య నోటుబుక్కు తెచ్చిపెట్టమని మా మరదల్ని బతిమాలాను. మంగళవారం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు అది పరిగెత్తుకొచ్చింది. "దీదీ, పాపా కీ డైరీ. దస్ మినట్ హై, జల్దీ." దానికి బదులుగా నా కొత్త కుర్తా, వెండి జూకాలు దసరా దాకా దానివి. పది నిమిషాల్లో నా అబద్ధాలన్నీ వరసనంబర్లతో సహా ఎత్తి రాసుకున్నాను. మొదటి పేజీ పైన "ప్రథమ వాంగ్మూలం" అని ఉంది. మరదలు అంత సులువుగా ఎందుకు తెచ్చిందా, ఇందులో వాళ్ళ నాన్న హస్తం లేదుకదా అని దాన్ని కూడా రెండు రోజులు అనుమానించాను.

రెండోది, ఎలాగూ మేడమ్‌కి ఇవ్వాలి కనక, అసలు అనువాదం. అత్తయ్య కునుకు తీసే మధ్యాహ్నాల్లో పలక పలకనీ ఆపి, ఆ ముళ్ళకంచె అక్షరాలని కాగితం మీద బొమ్మల్లా గీసుకున్నాను. బేర్ సరాయ్‌లో పాత పుస్తకాల కొట్టాయన దగ్గర పాత లిపి అక్షరమాల పేజీ ఒకటి దొరికితే జిరాక్సు తీయించాను. మొదటి రోజు మూడు పలకలు. రెండో రోజు ఏడు. నాలుగో రోజుకి ఏది ఎఫో ఏది ఎస్సో చూడగానే తెలుస్తోంది. నిఘంటువు అట్ట ఊడిపోయింది. ఏడాదిగా కాలేజీకి వెళ్ళి చదవనంత జర్మన్ ఆ నాలుగు మధ్యాహ్నాల్లో చదివాను. చదివినకొద్దీ చెమటలు పట్టాయి.

నేను "బావా, నీ కోసమే ఎదురుచూస్తున్నాను" అని చెప్పిన చోట అసలు ఉన్నది "పడమట మబ్బు పట్టింది, కిటికీలు మూయండి". "మన పెళ్ళికి ముహూర్తం పెట్టారు" అన్నచోట "నీటిమట్టం మూడు మీటర్లు". వాళ్ళమ్మగారికి ఇచ్చిన అంకితం అసలు అంకితమే కాదు. ఈ సినిమా రీళ్ళు ఎక్కడెక్కడ దొరికాయో, ఎలా బాగుచేశారో, ఎంత భాగం ఎప్పటికీ దొరకలేదో, బాగుచేసినవాళ్ళు అదే పాత లిపిలో అచ్చువేసి చెప్పిన మాట. మూడుసార్లు గడిచిన పదేళ్ళూ గడవలేదు. ఆ సన్న అక్షరాలు చెప్పేది ఇంతే: "ఇక్కడ ఒక దృశ్యం పోయింది." ఇక కథంటారా, అది అత్తయ్య చెప్పిందే. ముసలాయనకి చూపు పోయింది. ఉద్యోగం ఊడుతుందని దాచిపెట్టారు. రెండేళ్ళుగా ఆయన పేరు మీద కూతురే గేట్లు తిప్పుతోంది. ఎవరో ఫిర్యాదు చేశారు. నల్లకోటువాడు మేనబావ కాదు, నిజం తేల్చడానికి మారుపేరుతో వచ్చిన ఇన్‌స్పెక్టరు. జర్మన్ చదివిన నేను తప్పు, పల్లీలు ఒలుచుకుంటూ కూర్చున్న అత్తయ్య ఒప్పు. అప్పుడు నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

నిజం చేతిలోకి వచ్చింది. కానీ అది నాకు పనికొచ్చేది కాదు. నిజం చెబితే నోటుబుక్కుతో నలభై ఒక్కటికి ముప్ఫై తొమ్మిది తేడా వస్తాయి. కాబట్టి ఆదివారం అబద్ధమే చెప్పాలని నిశ్చయించుకుని, శనివారమంతా డాబా మీద తిరుగుతూ వరసగా బట్టీపట్టాను. ఒకటి, అంకితం. రెండు, బావా. మూడు, ముహూర్తం.

రెండో ఆదివారం. అవే కర్టెన్లు, అవే పల్లీలు. మావయ్య నోటుబుక్కులో కొత్త పేజీ తీశాడు. నేను గడగడా అప్పజెబుతున్నాను. ఆయన పాత పేజీ చూడటం, కొత్త పేజీలో టిక్కు పెట్టడం. ఒక్క తప్పు లేదు. టిక్కు తర్వాత టిక్కు పడుతుంటే ఆయన మొహం విచ్చుకోవాలి కదా, అలా కాకుండా ముడుచుకుపోతోంది. నాకు అదేమిటో అర్థం కాలేదు. పైగా ఇంకో కష్టమొచ్చి పడింది. ఇప్పుడు ఆ అక్షరాలు నాకు చదవడం వచ్చేసింది. నోటితో "ముహూర్తం" అంటున్నాను, కళ్ళు "నీటిమట్టం" చదువుతున్నాయి. ఆ పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి నడిపిస్తుంటే, తండ్రి అన్నీ కనబడుతున్నట్టు తలెత్తి నిలబడుతుంటే, బట్టీపట్టిన మాటని బలవంతాన బయటికి తోస్తున్నాను.

ఇరవై ఏడో పలక. ఇన్‌స్పెక్టరు బల్లకి అటువైపు, ఆ పిల్ల ఇటువైపు. ఆయన ముందు ఒక కాగితం, పెన్ను. ఆ పిల్ల పెదాలు కదిలాయి, పలక వచ్చింది. నా బట్టీ ప్రకారం అక్కడ "మన పెళ్ళికి నాన్న ఒప్పుకున్నారు" అనాలి. నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"మా నాన్నకి కళ్ళు కనపడవు. రెండేళ్ళ నుంచీ మీకు అబద్ధం చెబుతున్నది నేను."

మావయ్య పెన్ను ఆగింది. పాత పేజీ చూశాడు. రిమోటు తీసుకుని బొమ్మ ఆపాడు. ఆ పిల్ల తెర మీద అలాగే కళ్ళలో నీళ్ళతో నిలబడిపోయింది. మా మరదలు జూకాలు సవరించుకుంటూ మెల్లిగా వంటింట్లోకి జారుకుంది.

"పోయిన వారం ఇలా చెప్పలేదే నువ్వు" అన్నాడు.

"పోయిన వారం నాకిది చదవడం రాదు మావయ్యా. పోయిన వారం చెప్పిందేదీ నిజం కాదు. నేను ఒక పేపరు తప్పాను. ఈ డీవీడీ బాగా చదివేవాళ్ళకిచ్చింది కాదు, తప్పినవాళ్ళకిచ్చింది. మార్కుల కాగితం జులైలోనే ఇచ్చారు, నా పెట్టెలో పాత చీర కింద ఉంది." ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పేసి బావురుమన్నాను. అత్తయ్య పళ్ళెం పక్కనపెట్టి నా వీపు మీద చెయ్యి వేసింది. "ముసలాయన తాగలేదని నేను చెప్పానా లేదా" అని మాత్రం అన్నది.

మావయ్య నోటుబుక్కులో టిక్కులు పెట్టిన పేజీ నాకేసి తిప్పాడు. "ఇవి చూశావా? ఇరవై ఆరు. అక్షరం తేడా లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో రెండుసార్లూ అక్షరం తేడా లేకుండా చెప్పినవాడు ఒక్కడు కూడా నిజం చెప్పినవాడు కాదమ్మా. నిజం చెప్పేవాడు తడుముకుంటాడు. ఇలాగే చివరిదాకా లాక్కుపోయుంటే, ఇవాళే మీ నాన్నకి ఫోను చేసి, రేపు నిన్ను బండెక్కించేవాణ్ణి."

"ఇప్పుడు?" అన్నాను.

ఆయన తెరకేసి చూసి, "తర్వాత ఏమైంది? ఆ ఇన్‌స్పెక్టరు ఏమన్నాడు?" అని అడిగి రిమోటు నొక్కాడు. బొమ్మ కదిలింది. ఇన్‌స్పెక్టరు తలెత్తి ఏదో అనబోయాడు. అంతే, తెర మీద పాత ఫోటో, కింద సన్నటి అక్షరాలు.

"చెప్పు."

"ఇక్కడ ఒక దృశ్యం పోయింది మావయ్యా. దొరకలేదట."

"పదేళ్ళు గడవలేదా?"

"గడవలేదు."

మిగతా పలకలు తడుముకుంటూ, ఉన్నవి ఉన్నట్టే చదివాను. చివరి బొమ్మలో వరద వెలిసి, ముసలాయన ఎప్పటిలాగే లాకు దగ్గర కుర్చీలో కూర్చునున్నాడు, కూతురు గేటు తిప్పుతోంది, ఇన్‌స్పెక్టరు పడవలోంచి చెయ్యూపుతున్నాడు. మధ్యలో ఆయన ఏమన్నాడో, కాగితం మీద ఏం రాశాడో, ఎవరికీ తెలియదు. మావయ్య ఆ పడవ కనుమరుగయ్యేదాకా చూసి, నోటుబుక్కు మూసి లేచాడు. ఫోను ఉన్న పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఎస్టీడీ నంబరు తిప్పుతున్న చప్పుడు, ఆ తర్వాత "బావగారూ" అన్న మాట మాత్రం వినపడ్డాయి. నేను దివాన్ మీద ముడుచుకుని కూర్చుని, నా బట్టలు రెండు పెట్టెల్లో పడతాయా పట్టవా అని ఆలోచిస్తున్నాను. అత్తయ్య పల్లీ తొక్కలు ఏరుతోంది. నాలుగు నిమిషాల తర్వాత మావయ్య బయటికొచ్చి, "పరీక్ష ఎప్పుడన్నావు?" అన్నాడు. వచ్చే నెల తొమ్మిదో తారీఖన్నాను. "మరి ఇక్కడ కూర్చున్నావేం? వెళ్ళి చదువుకో" అన్నాడు. గురువారం మళ్ళీ అడిగాడు, పరీక్ష ఎప్పుడని. రెండోసారి కూడా తొమ్మిదనే చెప్పాను.

ఆ పేపరు పాసయ్యాను, గొప్పగా కాదు, గట్టెక్కాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ భాషే నాకు అన్నం పెడుతోంది. ఒక్క మాటకి మూడు నిఘంటువులు తిరగేసి, అయినా అనుమానం తీరక అర్ధరోజు కూర్చునే మనిషినయ్యాను. తోచినట్టల్లా పెళ్ళిళ్ళు చేసేసి, చిటికెలో ముప్ఫై ఏళ్ళు దాటించేసిన ఆ పిల్ల ధీమా తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది. ఆ ఆదివారం తలుపు వెనక మావయ్య నాన్నకి ఏం చెప్పాడని ఇద్దరినీ చాలాసార్లు అడిగాను. నాన్న "ఏదో మాట్లాడుకున్నాంలే" అంటాడు. మావయ్య నా ప్రశ్న విననట్టే పేపరు తిరగేస్తాడు. పేపరు తప్పానని చెప్పాడా, దాచాడా, నా తరఫున పూచీ పడ్డాడా, ఎప్పుడూ అబద్ధమాడని ఆ మనిషి నా కోసం ఒకటి ఆడాడా? ఇరవై ఏళ్ళప్పుడైతే ఈ కథ మీకు చెబుతూ ఆ నాలుగు నిమిషాల్లో ఏం జరిగిందో తడుముకోకుండా అల్లి చెప్పేసేదాన్ని. ఇప్పుడు నాకు తెలియదు, తెలియదనే చెబుతున్నాను.